లేవని చెయ్యి

మేవిస్ స్కాగ్స్ ఎడమ పాదం మళ్ళీ నేలను తన్నింది. అక్కడ తన్నడానికి ఏమీ లేదు. ఆవిడ కూర్చున్నది మొగుడు డ్యూయీ నడుపుతున్న పికప్‌లో, కుడివైపున పక్క సీట్లో. అయినా ముందున్న బండి నెమ్మదించినప్పుడల్లా ఆ పాదం లేని క్లచ్‌ను వెతుక్కుంటోంది. కుడి చెయ్యి లేని గేరును పట్టుకుంటోంది.

"గేరు మార్చు," అంది.

"ఇది ఆటోమేటిక్ బండే. ఎప్పుడు మార్చాలో దానికి తెలుసు," అన్నాడు డ్యూయీ.

"తెలిస్తే ఇలా మూలుగుతుందా?"

"మూలిగేది బండి కాదు."

మేవిస్ కిటికీ అద్దం దించింది, ఎత్తింది, మళ్ళీ దించింది. జూలై ఎండకి బౌలింగ్ గ్రీన్ ఊరి రోడ్లు మెత్తబడుతున్నాయి. అరవై తొమ్మిదేళ్ళ వయసులో ఆవిడకు తెలిసిన రోగం ఒక్కటే, కుదురుగా కూర్చోలేకపోవడం. దానికి మందు కూడా ఆవిడకు చిన్నప్పుడే దొరికింది, స్టీరింగ్. ముప్ఫై ఏళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపింది. బస్సు దిగాక ఇంటికి వెళ్ళకుండా తన పసుపు కార్వెట్ స్పోర్ట్స్ కారు తీసుకుని, ఏ పనీ లేకపోయినా టెనెస్సీ రాష్ట్రం సరిహద్దు దాకా వెళ్ళి వచ్చేది. పందొమ్మిది వందల అరవై తొమ్మిదో సంవత్సరపు బండి అది, నాలుగు గేర్లది. క్లచ్ తొక్కితే తొడ దాకా తెలిసేది.

ఇప్పుడు ఆ తొడకీ పాదానికీ మధ్య మాటల్లేవు. నడుములో ఎక్కడో నరం నలిగింది. ఆపరేషన్ చేస్తే నొప్పి పోయింది గానీ, పాదం మాత్రం చెప్పిన మాట వినడం మానేసింది. కిందికి నొక్కమంటే నొక్కుతుంది, పైకి రమ్మంటే బుద్ధి పుడితే వస్తుంది. "కుడికాలు దివ్యంగా ఉంది. ఆటోమేటిక్ బండి ఎంత దూరమైనా నడుపుకోండి. క్లచ్ జోలికి మాత్రం వెళ్ళకండి," అన్నాడు డాక్టరు. మేవిస్ తలూపింది. ఆవిడ తలూపిందంటే వినలేదని అర్థం. ఆ సంగతి డ్యూయీకి తెలుసు గానీ, పాపం ఆ డాక్టరుకు తెలియదు.

ఆ వారంలోనే పసుపు బండి బయటికి తీసింది. కాలేజీ వీధి ఎత్తు మీద ఎర్రలైటు పడింది. పచ్చలైటు పడ్డాక కుడిపాదం బ్రేకు వదిలి యాక్సిలరేటర్ మీదికి వెళ్ళింది. ఎడమపాదం క్లచ్ మీంచి పైకి రావాలి, రాలేదు. అలాగే చచ్చిన చేపలా పడి ఉంది. బండి వెనక్కి జారింది. వెనక హారన్ మోగింది. ఆవిడ మళ్ళీ బ్రేకు తొక్కేసరికి అద్దంలో ఉన్నదంతా ఒకటే రంగు, స్కూలు బస్సు పసుపు. జానెడు దూరంలో ఆగింది. బస్సు కిటికీల్లోంచి పిల్లలు తొంగిచూసి నవ్వుతున్నారు. వాళ్ళకు అదొక తమాషా. మేవిస్ ఇంటికి వచ్చి తాళంచెవి డ్యూయీ ముందు పెట్టి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

అప్పట్నుంచి ఆవిడ కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతోంది. పొద్దున్నే గ్యారేజీలోకి వెళ్ళి బండి స్టార్ట్ చేసి, ఉన్నచోటే ఉరిమిస్తుంది. పక్కింటివాళ్ళ కుక్క అరుస్తుంది. ఆపేస్తుంది. లోపలికి వచ్చి కాఫీ పెట్టుకుంటుంది, తాగదు. మళ్ళీ గ్యారేజీ.

"దానికి ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెట్టిద్దాం. పెట్టేవాళ్ళున్నారు," అన్నాడు డ్యూయీ ఒకరోజు.

"నా కాలు పోయిందని దాని కాలు తీయించాలా?"

"పోనీ పాతవాటిలోనే ఆటోమేటిక్‌ది ఒకటి చూద్దాం."

"ఆ రొట్టెల వ్యాన్లా? వాటికంటే ఈ కుర్చీయే నయం."

"అయితే మిగిలింది ఒక్కటేనే," అన్నాడు డ్యూయీ. ఆ ఒక్కటి ఏమిటో ఇద్దరికీ తెలుసు. అనగానే ఆయన లేచి పచ్చికలో కలుపు తీయడానికి వెళ్ళిపోయాడు. నలభై ఐదేళ్ళ కాపురంలో ఏ మాట అని ఎటు పరుగెత్తాలో ఆయనకు బాగా తెలుసు.

ఆ ఒక్కటి, సీట్ల వెనక ఇంజనున్న కొత్త కార్వెట్.

కార్వెట్ నడిపేవాడికి ఎదురుగా ఇంకో కార్వెట్ వస్తే చెయ్యెత్తాలి. లోపలున్నది మేయరైనా, అప్పులవాడైనా, విడాకులిచ్చిన పెళ్ళామైనా సరే. ఎత్తకపోతే వాడు మనిషి కాదు. ఈ మర్యాద మేవిస్ పుట్టకముందు లేదు, ఎందుకంటే ఆ బండీ ఆవిడా ఒకే ఏడాది పుట్టారు. ఇద్దరిలో ఎవరూ ఒకచోట నిలవలేదు. బండి మొదట ఆరు సిలిండర్లతో వచ్చింది, తరవాత ఎనిమిది. పైకి కనిపించే నాలుగు కళ్ళతో కొన్నాళ్ళు తిరిగింది, తరవాత ఆ దీపాలను రెప్పల కింద దాచుకుంది, ఒక తరం గడిచాక మళ్ళీ తెరుచుకుంది. గుండ్రటి వెనక లైట్లు పలకలయ్యాయి. మారిన ప్రతిసారీ ఒక ముసలాడు లేచి "ఇది కార్వెట్టే కాదు" అని ఒట్టు పెట్టుకున్నాడు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ, ఈ ఊళ్ళో అది తలకిందులు. ఇక్కడి ఫ్యాక్టరీలోనే కొత్త బండి పుడుతుంది, ఇక్కడే దానికి మొదటి తిట్టు పడుతుంది.

చివరికి ఇంజనే ముందునుంచి వెనక్కి వెళ్ళింది. క్లచ్ పెడల్ పూర్తిగా పోయింది. ఆసారి ఒట్టు పెట్టుకున్నది ముసలాడు కాదు, మేవిస్. బారెన్ రివర్ కార్వెట్ క్లబ్ శనివారం ఫలహారాల దగ్గర, చేతిలో గ్రేవీ గరిటె పట్టుకుని లేచి నిలబడి అంది, "ఇంజను పిర్రల దగ్గర పెట్టుకు తిరిగేవాడికి నా చెయ్యి లేవదు!"

జనం బల్లలు చరిచారు. సరదాకి అన్న మాట సరదాగానే పోవలసింది. పోలేదు. ఎందుకంటే ఆ బల్లల చుట్టూ కూర్చున్న సగంమంది చిన్నప్పుడు ఆవిడ బస్సెక్కినవాళ్ళే. ఆవిడ కూర్చోమంటే కూర్చున్నారు. బస్సు దిగి రోడ్డు దాటాలంటే అద్దంలోంచి మిస్ మేవిస్ చెయ్యెత్తాలి, అప్పుడే దాటాలి. చెయ్యి చూడకుండా కాలు ముందుకేస్తే మర్నాడు ముందు సీటు, పక్కన ఎవరూ ఉండరు. అలాంటి మనిషి మాట వాళ్ళకు శాసనం. క్లబ్ అధ్యక్షుడు బోయ్డ్ పెన్నింగ్టన్ ఆ వాక్యాన్ని చొక్కాల మీద అచ్చువేయించాడు. వెనక భాగం మీద.

ఆ చొక్కా మీది మాట మొదట తగిలింది ఆర్విల్ క్రంప్‌కి. రిటైరైన మంగలి, మేవిస్‌తో కలిసి ఆ క్లబ్‌ను మొదలుపెట్టిన మనిషి. "చచ్చేలోగా ఇంజను వీపు వెనక ఉంటే ఎలా ఉంటుందో చూడాలి" అని నారింజ రంగు కొత్త కార్వెట్ ఒకటి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న వారానికే ఎర్రలైటు దగ్గర మేవిస్ పక్కన ఆగి చెయ్యెత్తాడు. ఆవిడ చూడలేదు. చూసి కూడా చూడలేదు. తరవాత అతను ఫలహారాలకు రావడం మానేశాడు. కానీ ఏటా సెప్టెంబరు మొదట్లో, లేబర్ డే సెలవుకు ముందు శనివారం, క్లబ్ ఊరేగింపు ఊళ్ళోంచి కార్వెట్ మ్యూజియం వైపు బయల్దేరుతుందా, ఆర్విల్ మ్యూజియం వైపునుంచి ఊళ్ళోకి ఎదురొస్తాడు. ఒక్కడే. వరసలో ఉన్న ప్రతి బండికీ చెయ్యెత్తుతూ వస్తాడు. ఒక్క చెయ్యీ లేవదు. వరస ముందు ఉండేది పసుపు బండి, అందులో మేవిస్.

ఆగస్టు మొదట్లో ఆవిడ డ్యూయీ పికప్‌లోనే ఫలహారాలకు వెళ్ళింది. మెత్తటి బిస్కెట్ రొట్టెల మీద గ్రేవీ పోసుకుంటూ బోయ్డ్ మెల్లగా మాటెత్తాడు.

"మిస్ మేవిస్, ఈసారి మీరు నా పక్క సీట్లో కూర్చోండి. ముందు మనమే ఉంటాం. మీరు హాయిగా చేతులూపుతూ కూర్చోవచ్చు."

"ఒరే బోయ్డ్, నేనేమైనా అందాల పోటీలో గెలిచానా, పక్కన కూర్చుని చేతులూపడానికి?"

"అది కాదండీ, మీ కాలు..."

"నా కాలు నా దగ్గరే ఉంది."

అందరూ పళ్ళేల్లోకి చూశారు. జాలి పడేవాళ్ళ మధ్య కూర్చోవడం కంటే ముళ్ళమీద కూర్చోవడం మేలని మేవిస్‌కు అప్పుడే తెలిసింది. బండి నడపని మేవిస్‌ను వాళ్ళు ప్రేమగానే చూస్తారు, కుర్చీ లాగి వేస్తారు, బనానా పుడ్డింగ్ పెడతారు. అంతే. ఇంక ఆవిడను ఎవరూ ఏదీ అడగరు. తినకుండానే లేచింది.

"ఇంటికేనా?" అన్నాడు డ్యూయీ బండిలో.

"కాదు. ఆర్విల్ ఇంటికి."

డ్యూయీ దారి మార్చాడు.

ఆర్విల్ వరండాలో కూర్చుని బీన్స్ నారలు తీస్తున్నాడు. ఆవిడ కర్ర ఊనుకుంటూ మెట్ల దాకా వచ్చింది. అతను తలెత్తలేదు.

"ఎవరూ?"

"కనపడటం లేదూ?"

"కనపడేదాన్ని కనపడనట్టు చూడటం నేర్చుకుంటున్నాను. మీ క్లబ్‌లో నేర్పుతారటగా."

"ఎకసెక్కాలు ఆపు, ఆర్విల్. కాలు..."

"విన్నాను. నొప్పా?"

"నొప్పుంటే బాగుండేది. అది నాదని తెలిసేది."

ఆర్విల్ బీన్స్ గిన్నె పక్కన పెట్టాడు. వెంటనే జాలిపడితే అతను ఆర్విల్ కాడు. "సరే, ఎందుకొచ్చావు?"

"ఆ దరిద్రాన్ని ఒకసారి నడపాలి."

"ఏ దరిద్రాన్ని?"

"నీ నారింజకాయని."

"దానికి క్లచ్ లేదు మరి."

"తెలుసు కాబట్టే వచ్చాను."

"మొట్టమొదటి మూడొందల బండ్లకీ క్లచ్ లేదు, మేవిస్. తెల్లవి. నువ్వు పుట్టిన ఏడాదివి. అన్నీ ఆటోమేటిక్కే. ఆ సంగతి తెలుసా?"

"ఈ ఊళ్ళో కుక్కపిల్లకి కూడా తెలుసు."

"మరి ఆ రోజు గరిటె పట్టుకుని లేచినప్పుడు?"

"గుర్తు తెచ్చుకోబుద్ధి కాలేదు," అంది మేవిస్. అబద్ధం చెప్పడం ఆవిడకు రాదు. వస్తే జీవితం ఇంకాస్త సుఖంగా గడిచేది.

ఆర్విల్ లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చాడు. ఇవ్వబోయి ఆగాడు. "ముందు చెయ్యెత్తు."

"ఎందుకు?"

"ఎర్రలైటు దగ్గరిది బాకీ ఉంది."

మేవిస్ చెయ్యి కర్ర మీద బిగుసుకుంది. ఎత్తాలనే అనుకుంది. భుజం దాకా వచ్చిన కదలిక మోచేతి దగ్గర ఆగిపోయింది. ఎడమపాదానికి వచ్చిన జబ్బే చేతికీ వచ్చిందా అనుకుంది. కాదని ఆవిడకు తెలుసు. దీనికి ఏ డాక్టరూ అక్కర్లేదు. ఆర్విల్ కాసేపు చూసి, తాళంచెవి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"సరే, అప్పుగానే ఉంచు," అన్నాడు.

ఆర్విల్ పక్కన ఎక్కాడు. స్టీరింగ్ ముందు కూర్చుంటే మేవిస్‌కు ఎదురుగా బానెట్టే కనపడలేదు. రోడ్డు తిన్నగా ఒళ్ళో పడుతున్నట్టుంది. ఇంజను మెడ వెనక గుర్రుమంది. ఎడమపాదం ఒకసారి నేలను తడిమింది, ఏమీ దొరక్క ఊరుకుంది. స్కాట్స్‌విల్ రోడ్డు దాటి పొలాల్లో పడ్డాక మేవిస్ కుడిపాదం దింపింది. గేర్లు వాటంతటవే మారాయి, ఆవిడ జన్మలో మార్చనంత తొందరగా. అది ఆవిడకు కోపం తెప్పించింది. మలుపులో బండి నేలను కరుచుకుని తిరిగింది. అది ఇంకా కోపం తెప్పించింది. నాలుగో మలుపు దాటేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. బాగాలేకపోతే ఇంటికి వెళ్ళి కూర్చునేది. ఏడుపొచ్చింది బాగున్నందుకే.

"ఎలా ఉంది?" అన్నాడు ఆర్విల్.

"నోరు ముయ్యి."

"అంత బాగుందా?"

మొక్కజొన్న చేలు రెండుపక్కలా వెనక్కి వెళుతున్నాయి. ఆర్విల్ కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "ఆ రోజు నీ పక్కన ఆగి చెయ్యెత్తానా. నువ్వు ఆ లైటుకేసే చూస్తున్నావు. ఎంతసేపు ఎత్తి ఉంచాలో నాకు తెలీలేదు. చివరికి బుర్ర గోక్కున్నాను, దానికోసమే ఎత్తినట్టు. డెబ్భై ఒక్క ఏళ్ళవాణ్ణి."

మేవిస్ బండి పక్కకు తీసి ఆపింది. ఆ చెయ్యి ఆవిడకు తెలుసు. ఎత్తి, ఏం చెయ్యాలో తెలీక జుట్టు సర్దుకున్న చెయ్యి. ఆవిడ ఇరవై రెండేళ్ళప్పటి చెయ్యి.

అప్పుడు ఆవిడ తండ్రికి అరవైలో వచ్చిన కార్వెట్ ఉండేది, నాలుగు కళ్ళూ తెరిచి చూసేది. మేవిస్ పసుపు బండి కొనుక్కొచ్చిన రోజున ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పగలు కళ్ళు మూసుకునే బండి కార్వెట్ ఎలా అవుతుంది?" అన్నాడు. అంతటితో పోతుందనుకుంది. మర్నాడు లూయివిల్ రోడ్డు మీద ఎదురైతే చెయ్యెత్తింది. ఆయన తిన్నగా ముందుకే చూస్తూ వెళ్ళిపోయాడు. రాత్రి భోజనాల దగ్గర మామూలుగానే ఉప్పు అందించమన్నాడు. ఇంట్లో కూతురు, రోడ్డు మీద ఎవరో. ఎదురైనప్పుడల్లా ఆవిడ చెయ్యెత్తుతూనే వచ్చింది, ఈసారైనా ఎత్తుతాడని. ఫ్యాక్టరీ ఈ ఊరికి వచ్చిన ఏడాది ఆయన పోయాడు. ఒక్కసారి కూడా ఎత్తకుండానే పోయాడు. ఈ సంగతి డ్యూయీకి తప్ప ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆర్విల్‌కు చెప్పింది. చెప్పి, "మా నాన్నని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను, ఆర్విల్. తిట్టుకుంటూనే ఆయన్నయ్యాను," అంది.

"ఊరేగింపు రోజున దీన్ని నువ్వే నడుపు," అన్నాడు ఆర్విల్.

తరవాతి శనివారం మేవిస్ ఫలహారాల దగ్గర లేచి నిలబడింది. ఈసారి చేతిలో గరిటె లేదు.

"నేనొక మాటన్నాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఇంజను ఎక్కడున్నా కార్వెట్ కార్వెట్టే."

ఎవరో నవ్వారు. జోకనుకున్నారు. తరవాత ఆవిడ మొహం చూసి నవ్వు ఆపారు. బోయ్డ్ చొక్కా సర్దుకున్నాడు. ఆ చొక్కాయే.

"మిస్ మేవిస్, ఇప్పుడది మీ ఒక్కరి మాట కాదు కదండీ. క్లబ్ పద్ధతి. మీ కాలికోసం పద్ధతి మార్చామంటే రేపు నలుగురూ నవ్వరూ?"

"కాలికోసం కాదురా."

"కాలు బాగున్నప్పుడు ఇలా అనలేదు కదండీ మీరు."

తనదాకా వస్తేగానీ తెలియదన్న మాట నిజమే, బోయ్డ్ దాన్ని మర్యాదగా అన్నాడు, అంతే తేడా. మేవిస్ కూర్చుంది. "అయితే పసుపు బండి ముందు నడవాలి. అది ముందు నడవని ఊరేగింపు లేదు. డ్యూయీ నడుపుతాడు," అంది.

బిస్కెట్ నములుతున్న డ్యూయీకి పొలమారింది.

ఆ పసుపు బండి స్టీరింగ్ ఆయన ఎన్నడూ పట్టుకోలేదు. పట్టుకోనివ్వలేదు కాబట్టి. ఆగస్టంతా చర్చి వెనక ఖాళీ స్థలంలో పాఠాలు జరిగాయి. డ్యూయీ క్లచ్ వదిలినప్పుడల్లా బండి కప్పలా గెంతి ఆగిపోయేది. పక్క సీట్లో మేవిస్ ఎడమపాదం ఆయన పాదంతోపాటే నేలను తన్నేది.

"మెల్లగా వదలవయ్యా! గుడ్డు మీద కాలేసినట్టు!"

"గుడ్డు మీద కాలెందుకేస్తానే?"

"చెయ్యి గేరు మీంచి తియ్యకు! రోడ్డు మీద ఆగిపోయావంటే మళ్ళీ ఈ ఊళ్ళో తలెత్తుకోలేం!"

కార్వెట్ నడిపేవాడికి అంతకంటే సిగ్గుచేటు లేదు మరి. జనం మధ్యలో ఇంజను ఆగిపోవడం అంటే పెళ్ళిలో పంచె ఊడిపోయినట్టే. నెలాఖరుకు డ్యూయీ ఎలాగో మూడో గేరు దాకా వచ్చాడు. ఎత్తెక్కేటప్పుడు రెండోది వెయ్యడం మాత్రం ఆయనకు అబ్బలేదు.

ఊరేగింపు శనివారం పొద్దున కాఫీ దగ్గర ఆయన అడిగాడు, "నువ్వు ఎదురొస్తావు కదా. నేనేం చెయ్యాలి?"

"ఏం చెయ్యాలి? క్లబ్ తరఫున ముందు నడుస్తున్నావు. పద్ధతి ప్రకారం నడుచుకో."

"నిజంగానే అంటున్నావా?"

"గేరు మీంచి చెయ్యి తియ్యకు. అంతే," అని మేవిస్ కర్ర అందుకుంది. తనను చూసి జాలితో చెయ్యెత్తేవాడు మొగుడైనా సరే, ఆవిడకు అక్కర్లేదు.

లూయివిల్ రోడ్డుకు రెండుపక్కలా జనం కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మ్యూజియం వైపునుంచి నారింజ బండి దిగివస్తోంది. నడుపుతున్నది మేవిస్, పక్కన ఆర్విల్. చర్చి మలుపు తిరగ్గానే ఎత్తు కిందనుంచి వరస కనపడింది. ముందు పసుపు, వెనక బోయ్డ్ నల్లది, ఆ వెనక ఎర్రవీ, తెల్లవీ, నీలంవీ, అన్నిటికీ ఇంజన్లు ముందే. ఇన్నేళ్ళూ ఈ వరసను మేవిస్ ఎదురుగా చూడలేదు. ఎప్పుడూ అద్దంలోనే చూసింది.

ఆర్విల్ ఎప్పటిలాగే చెయ్యెత్తాడు. "నువ్వూ ఎత్తు," అన్నాడు.

ఆవిడ ఎడమచెయ్యి స్టీరింగ్ మీదే ఉంది. ఎత్తితే వాళ్ళు ఎత్తరు. ఎత్తి, జుట్టు సర్దుకోవాలి. ఆ సంగతి తెలిసీ ఎత్తడం ఎలాగో ఆవిడకు తెలియలేదు. పసుపు బండి ఎత్తెక్కుతోంది. అద్దం వెనక డ్యూయీ మొహం స్పష్టంగా కనిపించింది. నాలుక చివర పళ్ళమధ్య పెట్టుకుని, రెండో గేరుకోసం తంటాలు పడుతున్నాడు. సరిగ్గా పడుతోందనగా తలెత్తి ఆవిడను చూశాడు.

గేరు మీంచి చెయ్యి తీసేశాడు. ఆ చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఎడమచెయ్యి కిటికీలోంచి బయటపెట్టి పైకెత్తాడు.

వేసింది రెండో గేరు కాదు, నాలుగోది. పసుపు బండి ఒకసారి దగ్గింది, రెండుసార్లు ఎగిరింది, రోడ్డు మధ్యలో చచ్చి ఊరుకుంది. వెనక బోయ్డ్ బ్రేకు తొక్కాడు. ఆ వెనకవాళ్ళూ తొక్కారు. వరసంతా ఎత్తు మీద గొలుసులా ఆగిపోయింది. గట్టు మీద కుర్చీల్లోంచి ఎవరో ఈలవేశారు. ఎవరో "అయ్యయ్యో డ్యూయీ!" అని అరిచారు. ఊరంతా నవ్వుతోంది.

మేవిస్ బండి ఆయనకు ఎదురుగా తెచ్చి ఆపింది. కిటికీకి కిటికీ. డ్యూయీ చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి మాత్రం దించలేదు.

"పద్ధతి ప్రకారం నడుచుకోమన్నానా లేదా?" అంది మేవిస్.

"నడుచుకుంటున్నాను. కార్వెట్ ఎదురైతే చెయ్యెత్తాలి. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే," అన్నాడు డ్యూయీ. "మీ నాన్న ఎత్తనిది నేనెత్తాను. భుజం లాగేస్తోందే. నువ్వూ ఎత్తితే దించుతాను."

లూయివిల్ రోడ్డు. ఇదే రోడ్డు. మేవిస్ ఎడమచెయ్యి స్టీరింగ్ మీంచి వదిలింది. ఈసారి మోచేతి దగ్గర ఆగలేదు. కిటికీ దాటి, అరచెయ్యి తెరుచుకుని పూర్తిగా పైకి లేచింది. ముందు మొగుడికి ఎత్తింది. తరవాత దించకుండా తల తిప్పి, పక్కనున్న ఆర్విల్‌ను చూసింది.

"ఇది నీది," అంది.

ఆర్విల్ తల పంకించాడు.

ఆ చెయ్యి అలాగే ఉంది. వెనక నల్ల బండిలో బోయ్డ్ కళ్ళెత్తి చూశాడు. రోడ్డు మధ్యలో పైకి లేచిన ఆ అరచెయ్యి అతనికి తన ఆరేళ్ళ వయసునుంచి తెలుసు. పుస్తకాల సంచీ వీపున వేసుకుని, వానలో, మంచులో, దానికోసం ఎదురుచూసి రోడ్డు దాటాడు. బుర్ర ఏమంటోందో కనుక్కునేలోపే అతని చెయ్యి లేచింది. లేచినందుకు అతనే తెల్లబోయాడు. అతని వెనక ఎర్ర బండిలో ఇంకొకటి లేచింది. అందరివీ లేవలేదు. కొందరు చొక్కా మీది మాటకే కట్టుబడి తిన్నగా ముందుకు చూస్తూ కూర్చున్నారు. మేవిస్ వాళ్ళనూ చూసింది. వాళ్ళకూ చెయ్యి దించలేదు.

"అంతా బాగానే ఉంది గానీ," అన్నాడు డ్యూయీ, "దీన్ని మళ్ళీ ఎలా లేపాలే? ఎత్తు మీదున్నాను. వెనక్కి జారితే బోయ్డ్ మూతి పచ్చడవుతుంది."

"కంగారుపడకు. బ్రేకు మీంచి కాలు తియ్యకు. క్లచ్ పూర్తిగా తొక్కు. మొదటి గేరు వెయ్యి."

"వేశాను."

"ఇప్పుడు స్టార్ట్ చెయ్యి. కుడికాలు యాక్సిలరేటర్ మీదికి. ఎడమకాలు మెల్లగా... గుడ్డు మీద..."

నారింజ బండిలో, ఏ పెడలూ లేని చోట, మేవిస్ ఎడమపాదం నేలను గట్టిగా తొక్కి పట్టుకుంది. డ్యూయీ మొహం చూస్తూ, ఆయనతోపాటే, కొంచెం కొంచెంగా వదిలింది. పసుపు బండి వణికి, నిలదొక్కుకుని, ఎత్తెక్కడం మొదలుపెట్టింది.